ఊరికే ఉండేదాని రోజు

"మా ఇంట్లో ఆమె ఏమీ చేయదమ్మా, ఊరికే ఉంటాది" అని మా ఆయన లక్ష్మణప్ప ఆ కాలేజీ పిల్లకు చెప్పేటప్పుడు నేను వాకిట్లో రాగులు చెరుగుతున్నాను. చేట ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ ఆడించాను, సాయంత్రం సంగటికి పిండి కావాలి కదా.

ఆ పిల్ల పేరు వసుమతి. బెంగళూరు కాలేజీలో సమాజశాస్త్రం చదువుతోంది. సొంతూరు మా వైపే, చింతామణి, అంగడివాళ్ళ ఇంటి పిల్ల, అందుకని తెలుగు మాలాగే మాట్లాడుతుంది. పదిమంది విద్యార్థులూ ఒక మేష్ట్రూ బాగేపల్లిలో బస్సు మారి మా ఊరొచ్చి బళ్ళో మకాం పెట్టారు. ఇంటింటికీ తిరిగి ఎంతమంది ఉన్నారు, ఏం తింటారు, ఎవరు ఏ పని చేస్తారు అని అడిగి రాసుకోవడం వాళ్ళ చదువట. ఇలాంటి చదువొకటి ఉందని ముందే తెలిసుంటే మా పక్కింటి సుబ్బలక్ష్మమ్మ ఎప్పుడో పాసయ్యేది!

వసుమతి తన కాగితంలో 'పని' అన్నచోట నా పేరుకెదురుగా ఒక గీత గీసింది. గీతంటే ఏమీ లేదని అర్థమట. నేనే అడిగి తెలుసుకున్నాను.

అప్పటికి వారం ముందే గ్రామసేవిక వచ్చి, రోజూ మధ్యాహ్నం మూడింటికి బడి వసారాలో ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పుతానని చెప్పిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. చింతామణిలో ఉన్న మా చెల్లెలు రత్నమ్మ ఎనిమిదో తరగతి దాకా చదివింది, నాకు జాబులు రాస్తుంది. మాట తెలుగే, అక్షరాలు మాత్రం కన్నడవి, కన్నడ సీమలో ఉన్న మా వైపు బళ్ళలో నేర్పేవి అవే మరి. కాగితానికి రెండువైపులా, అంచుల్లో కూడా కిక్కిరిసి రాస్తుంది. మా ఆయన దాన్ని పైనుంచి కిందికి ఒక చూపు చూసి, "అంతా సుఖమంట" అని మడిచి చూరులో దోపేవాడు. అంత రాతకు రెండు మాటలేనా అని గొణుక్కునేదాన్ని. క్లాసుకు పోతానని అడిగితే, "నువ్వు పోతే ఇంట్లో పని ఎవరు చేస్తారే?" అన్నాడు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

రెండోరోజు మేష్ట్రు పిల్లలకు ఇంకో పని పెట్టాడు. ఒక్కొక్కరు ఒక్కో ఇంటి యజమాని వెంట పొద్దున్నుంచి రాత్రి దాకా ఉండి, అరగంటకొక వరస చొప్పున ఏం చేశాడో రాయాలి. మా ఇల్లు వసుమతికి పడింది. మా ఆయన సంబరం చూడాలి! మడక దున్నడానికి పెళ్ళిళ్ళకు కట్టే తలగుడ్డ కట్టాడు. కోడి కూయకముందే నా వాకిట్లోకి వచ్చి నిలబడ్డ ఆ పిల్ల, కాగితం పట్టుకుని ఆయన వెనకాలే బయల్దేరింది. వీధి మలుపు తిరిగారో లేదో ఎవరో అరిచారు.

"ఏమప్పా లక్ష్మణప్పా, అమల్దారమ్మను ఎనకేసుకొని యాడికి పోతాండావు?"

తాలూకా పెద్ద ఆఫీసరమ్మను వెంటేసుకుపోతున్నట్టుందని వీధి వీధంతా నవ్వింది. మా ఆయన అట్నుంచే వెనక్కి తిరిగొచ్చాడు. "పాపా, చేన్లో ఎండెక్కువ. నువ్వు మా ఇంట్లో ఆమె కాడ కూర్చో. సాయంత్రం నాదంతా నేనే చెప్తా" అని చెప్పి, ఎద్దులకంటే జోరుగా నడిచిపోయాడు.

వసుమతి ముఖం వేలాడేసింది. "ఖాళీ కాగితం తీసుకపోతే మా మేష్ట్రు ఊరుకోడక్కా. పోనీ, అంతదాకా నీది రాసుకుంటా. చిన్నదే కదా, బిన్నా అయిపోతాది."

"రాసుకో తల్లీ" అన్నాను. నాకేం తెలుసు?

పేడ ఎత్తాను, నీళ్ళు చేదాను, ఆవును పితికాను. ఆ పిల్ల నా వెనకాలే తిరుగుతూ, "ఒక్క నిమిషం నిలబడక్కా, రాసుకోనీ" అంటుంది. "నేను నిలబడితే పాలు పొంగుతాయే!" అంటాను. పొయ్యి ఊదిస్తే కాగితానికి మసి, దూడను పట్టుకోమంటే కాగితం దూడ నోట్లో. చేనికి సంగటి మోసుకుపోతుంటే వెంట వచ్చి కాల్లో ముల్లు దిగించుకుంది, కూర్చోబెట్టి తీశాను. నేను చేసే పనులను ఒకరు కళ్ళప్పగించి చూడడం పెళ్ళయిన పన్నెండేళ్ళలో అదే మొదలు. సిగ్గుగానూ ఉంది, గొప్పగానూ ఉంది.

మధ్యాహ్నం విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తూ కూర్చున్నప్పుడు, చూరులో జాబు తీసి చదవమన్నాను. వసుమతి చదివింది. రత్నమ్మ బిడ్డ గోడ పట్టుకుని నిలబడుతోందట. అత్తగారి గురక ఎట్లుంటుందో రాసి నన్ను నవ్వించింది. చివరన ఇట్లా ఉంది: "అక్కా, ఇది మూడో జాబు. పాపకు నీ పేరు పెట్టేదా అని అడిగితే నువ్వు బదులే చెప్పవు. అక్కయమ్మ అనే పేరంటే నాకు ఎంత ఇష్టమో నీకు తెలీదా? నా మీద కోపమా?"

నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. మూడు జాబులు! మూడుసార్లూ అంతా సుఖమేనంట! ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

"బదులు నేను రాసిచ్చేదా అక్కా?" అంది వసుమతి.

"వద్దులే. అడిగింది నన్ను. నేనే రాస్తా" అన్నాను. ఎట్లా రాస్తానో నాకే తెలియదు, కానీ అనేశాను.

సాయంత్రం మా ఆయన వచ్చి తన రోజంతా చెప్పాడు. "లేచినా, దున్నినా, సంగటి తిన్నా, పండుకున్నా. మూడింటికి బస్సు చూసినా." "బస్సు ఎవరి కోసం చూసినారు?" అని అడిగింది వసుమతి. "ఎవరి కోసమూ లేదు పాపా. బస్సు వస్తాది కదా, పోయి చూస్తాము."

ఊరు విడిచే రోజు మేష్ట్రు అందరినీ బడికి పిలిచి కాగితాలు చదివించాడు. మా ఆయన ముందు వరసలో కూర్చున్నాడు. ఆయనది చదివితే అందరూ తలలూపారు, బస్సు దగ్గర మరీ గట్టిగా. తర్వాత వసుమతి గుండుసూదితో గుచ్చిన నాలుగు కాగితాలు తీసింది. ఐదున్నరకు పేడ దగ్గర మొదలుపెట్టి చదువుతూనే ఉంది. "పన్నెండున్నర. విశ్రాంతి అని రాయబోతుండగా దూడ తాడు తెంపుకుంది" అనేసరికి ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. రాత్రి పదింటికి దీపం ఆర్పడంతో ముగించి, "మొదటిరోజు పని అన్నచోట గీత గీశాను. తప్పయింది. గీత కొట్టేసి, చోటు చాలలేదని రాశాను" అంది.

మా అత్త మునివెంకటమ్మ వెనకనుంచి అందుకుంది: "నా కాలంలో వచ్చింటే నీ కాగితాలకు ఎద్దులబండి కావాల్సొస్తాండె, పాపా!" బడంతా నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

మర్నాడు మధ్యాహ్నం నేను చేతులు కడుక్కుని తల దువ్వుకున్నాను.

"యాడికే?" అన్నాడు మా ఆయన.

"బడికి. అక్షరాలకు."

"మరి ఇంట్లో పని ఎవరు..." అని, మధ్యలోనే ఆగాడు. అలవాటు మాట, నోరు జారింది.

"ఏం పని? నేను ఇంట్లో ఊరికే ఉండేదాన్నే కదా. ఒక గంట బడికాడ ఊరికే ఉండొస్తా" అన్నాను. "బస్సు పోయినాంక దూడకు నీళ్ళు పెట్టు."

మా అత్త పకపకా నవ్వింది. నేను వెనక్కి తిరిగి చూడకుండా నడిచాను. కొంగుముడిలో చెల్లెలి జాబుంది. దానికి బదులు ఒక్కటే మాట, 'పెట్టు'. రెండక్షరాలు. అది రాయడం ఎన్నాళ్ళకు వస్తుందో గానీ, వచ్చిన తర్వాత కూడా ఆ గంటను ఆయనకు తిరిగిచ్చే ఉద్దేశం నాకు లేదు.