చప్పుడు లేని చోటు

వీధి మలుపు తిరగకముందే నర్సమ్మకి సుత్తి చప్పుడు వినిపించింది. టంగు, టంగు, కాసేపు ఆగి మళ్ళీ టంగు. రాత్రంతా వార్డులో నిలబడి కాళ్ళు బిగుసుకుపోయి వస్తున్న మనిషికి అదీ స్వాగతం. ఇంటికెళ్ళి ఆవిడ చెయ్యాల్సింది ఒక్కటే, పడుకోవడం. ఆ ఒక్కటీ కుదరదని సుత్తి ముందే కబురు పంపుతోంది.

ఇంటి పక్కన రేకుల షెడ్డు, షెడ్డులో జీపు, జీపు కింద ఆవిడ మొగుడు. బయటికి పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఈమధ్య మొగుడి మొహం కంటే ఆ పాదాలే ఆవిడకి ఎక్కువ పరిచయం.

"వచ్చావా?" అన్నాడు జీపు కిందనుంచే.

"వచ్చాను."

"వెళ్ళి పడుకో. ఈ ఒక్క రేకు సరిచేసి ఆపేస్తా."

ఆ ఒక్క రేకు ఏనాడూ ఒక్కటితో ఆగలేదు. ఆవిడ చేతిసంచి గోడకి తగిలించి, కాళ్ళు కడుక్కుని, చెవుల్లో దూది కుక్కుకుని మంచం మీద వాలింది. పడగ్గది కిటికీకీ షెడ్డుకీ మధ్య ఒకే ఒక్క గోడ. ఆ గోడ కూడా సుత్తి పక్షమే.

జీపు ఇంటికొచ్చిన కథ చెబితే ఎవరి మీద కోప్పడాలో మీకూ తెలీదు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. మధ్యాహ్నం బస్సెక్కితే రాత్రికి దిగుతాడు. ఆవిడది రాత్రి డ్యూటీ. ఆయన ఇల్లు చేరేసరికి ఆవిడ ఆసుపత్రిలో ఉంటుంది, ఆవిడ నడుం వాల్చే వేళకి ఆయన లేచి కూర్చుంటాడు. ఒకే మంచం మీద వంతులవారీ కాపురం. అలాంటి కాపురంలో ఓ పొద్దున, కాఫీ తాగుతూ, "హారన్లూ ఫోన్లూ పిలుపులూ లేని చోట ఒక్కరోజు ఒళ్ళెరక్కుండా పడుకోవాలనుందండీ" అంది ఆవిడ.

ఇంకో మగాడైతే ఊఁ కొట్టి పేపరు తిప్పేసేవాడు. ఈయన అలా చెయ్యలేదు, అక్కడే వచ్చింది చిక్కంతా. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ఒక చోటు కనిపెట్టాడు. కొండల అవతల నది ఒడ్డుట, టెంటు వేసుకు పడుకుంటే నీళ్ళ చప్పుడు తప్ప మరొకటి ఉండదట. దారంతా రాళ్ళూ గోతులూ కాబట్టి మామూలు కారు పోలేదు, ఫోర్ వీల్ డ్రైవ్ ఉండాల్సిందే. అంతే, పాత ఇనుము దుకాణం వెనక ఎండకీ వానకీ పడున్న జీపుని తాడు కట్టి లాగించుకొచ్చాడు.

అత్తగారు వాకిట్లోకొచ్చి చుట్టూ తిరిగి చూసింది. "ఒరేయ్, నడిచే బండిని తెస్తారు గానీ పీనుగని తెస్తార్రా ఎవరైనా?" అంది. అత్తగారికి చెవులు సరిగా వినపడవు. ఆ ఇంట్లో పగలు గురకపెట్టి నిద్రపోగల అదృష్టవంతురాలు ఆవిడొక్కతే.

తుప్పు అంటే ఏమిటో ఆ తర్వాత తెలిసొచ్చింది ఆయనకి. ఇక్కడ గీకితే అక్కడ బయటపడేది. అడుగురేకు పూర్తిగా తినేసిందని, ఓపిక లేక, రెండు వైపులా ఒకేసారి కోసి పారేశాడు. కోసేముందు లోపల అడ్డంగా ఓ కడ్డీ ఆసరా పెట్టుకోవాలని బస్సు నడిపేవాడికి ఎవరు చెబుతారు? బాడీ నడుం జారిపోయింది. ఆ రోజునుంచి ఎడమవైపు తలుపు అసలు తెరుచుకోదు. డ్రైవరు వైపుది రెండు చేతులా ఎత్తి లాగితే కీచుమని ఒక కేకపెట్టి తెరుచుకుంటుంది. మొదటిసారి ఆ కేక విని ఎదురింటివాళ్ళు ఎవరికేమైందోనని పరుగెత్తుకొచ్చారు.

చప్పుడు ఆపమని చెప్పొచ్చు కదా అంటారు. ఎలా చెబుతుంది? రోజూ డ్యూటీకి వెళ్ళేముందు ఆయన గడప దగ్గర నిలబడి, గీరుకుపోయిన చేతులు చూపించి, "ఇదంతా నీకోసమేనోయ్" అని వెళ్తాడు. ఆ చేతులకి దూదితో మందు రాసేదీ ఆవిడే. ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చిన మాటని కూడా మింగేసింది. ఏళ్ళు గడిచాయి. ఆవిడ కళ్ళకింద నలుపు పాకింది, జీపుకి మాత్రం రంగు ముందు వేసే ప్రైమరు పూత పడింది.

కిందటి వారం మాత్రం ఒళ్ళు జలదరించే పని జరిగింది. తెల్లవారుజామున పక్కపక్క మంచాల మీద ఇద్దరు రోగులు. ఒకరికి ఎక్కించాల్సిన మందు సీసా చేత్తో పట్టుకుని ఆవిడ రెండోవారి దగ్గరికెళ్ళింది. సూది పెట్టబోతుంటే ఆ పెద్దాయన, "అమ్మాయ్, నాకు రోజూ తెల్లమూతది కదా. ఇవాళ ఎర్రమూతది తెచ్చావేం?" అన్నాడు. అంతే. ఆవిడ బాత్రూములోకెళ్ళి తలుపేసుకుని, చేతులు కొళాయి కింద పెట్టి అలాగే నిలబడింది. ఆ పెద్దాయన నిద్రపోతూ ఉంటే ఏమయ్యేది? ఆయన ప్రాణమూ పోయేది, ఈవిడ బతుకూ పోయేది.

ఆ సంగతి ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. చెబుతూ ఏడ్చింది కూడా. ఆయన కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. "ఇంక లాభం లేదు. నీకు నిద్ర కావాలి" అన్నాడు. అమ్మయ్య అనుకుంది. ఆ మహానుభావుడు వెంటనే సెలవు పెట్టి, ఇనుము కోసే గ్రైండరు అద్దెకి తెచ్చి, జీపుని తొందరగా పూర్తి చెయ్యడానికి పొద్దుటినుంచి సాయంత్రందాకా పని మొదలుపెట్టాడు.

మంచం మీద కూర్చుని, దిండు రెండు చెవులకీ అదుముకుని, ఆవిడ ఏడవాలో నవ్వాలో తెలియక గోడకేసి చూస్తూ ఉండిపోయింది.

మొత్తానికి జీపు కదిలింది. ఆవిడ డ్యూటీ దిగేసరికి ఆసుపత్రి గేటు ముందే ఉంది, పైన టెంటు మూట, వెనక పరుపు, నీళ్ళ క్యాను. డ్రైవరుగారు కొత్త చొక్కా వేసుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఎడమ తలుపు రాదు కాబట్టి ఆవిడ వెనకనుంచి పాక్కుంటూ ఎక్కింది. ముందుసీట్లో పనిముట్ల పెట్టె మహారాణిలా కూర్చునుంది.

"ఎలా ఉంది?" అన్నాడు.

"బావుంది." అది చూసి అన్నమాట కాదు. కళ్ళు మూసుకునే అంది.

కొండలదాకా ఎందుకు, ఊరు దాటకుండానే, మూతపడిన ఓ గోడౌను పక్కన జీపు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. గోడ నీడలోకి దొర్లి నిలబడింది. ఆయన స్టీరింగు మీద అరచేత్తో కొట్టబోయి ఆగి, పనిముట్ల పెట్టె వైపు చూశాడు. ఇప్పుడు పెట్టె తెరుస్తాడు, సుత్తి తీస్తాడు. ఆవిడకి కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

"కాసేపు కాళ్ళు చాపుకుంటానండీ" అంది. పరుపు మీద పక్కకి తిరిగింది. ఆ తర్వాత ఏమైందో ఆవిడకి తెలీదు.

కళ్ళు తెరిచేసరికి గోడ నీడ జీపుని వదిలి వెళ్ళిపోయింది. తన వైపు ఎండ పడకుండా పక్క అద్దానికి ఏదో వేలాడుతోంది. కొత్త చొక్కా. ఆయన బనీనుతో, అదే సీట్లో, అదే వాటంలో కూర్చుని ఉన్నాడు. మెడమీద చెమట ధారలు కట్టింది. పనిముట్ల పెట్టె మూత తెరవనేలేదు.

"ఎంతసేపు పడుకున్నాను?"

ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. "పొద్దు నెత్తిమీదికొచ్చింది. నువ్వు కదల్లేదు. ఓసారి భయమేసి ఊపిరి చూశాను కూడా."

"బండి బాగుపడలేదా?"

"బాటరీ వైరు ఊడుంటుంది. నిమిషం పని."

"మరి?"

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. "బానెట్ ఎత్తాలంటే దిగాలి. వెనకనుంచి దిగాలంటే నిన్ను దాటాలి, ఇటునుంచి దిగాలంటే ఈ తలుపు తియ్యాలి. తీస్తే అరుస్తుంది. నువ్వు లేస్తావని..."

ఆవిడ లేచి కూర్చుంది. ఎండలో, నీళ్ళ క్యానుకి కూడా చెయ్యి చాపకుండా, పొద్దుటినుంచీ ఈ మనిషి ఇలాగే ఉన్నాడు. ఇన్నేళ్ళలో తను నిద్రపోవడం ఆయన చూడ్డం బహుశా ఇదే మొదటిసారి.

"రోడ్డు పక్కనే నీకింత నిద్ర పట్టిందంటే, అక్కడ నది ఒడ్డున ఇంకెలా పడుతుందో!" అన్నాడు మురిసిపోతూ.

అప్పుడింక ఆగలేకపోయింది. "నాకు ఎక్కడైనా పడుతుందండీ. ఇంట్లోనూ పడుతుంది. సుత్తి లేకపోతే చాలు."

ఆయన మొహంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. గోడౌను గోడ కేసి చూశాడు, చేతుల కేసి చూసుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?" అన్నాడు.

"నాకోసమే కొడుతున్నారుగా. ఏమని చెప్పను?"

ఆయన్ని చూస్తే జాలేసింది. ఇంత జాలేసేలా చేసినందుకు కోపమూ వచ్చింది. రెండూ కలిసి ఆవిడకి పెద్ద ఆవలింత వచ్చింది.

"నేనసలు..." అని మొదలుపెట్టి ఆయన ఆపేశాడు. కాలు తిమ్మిరెక్కినట్టుంది, తొడ నొక్కుకున్నాడు. "దిగి వైరు పెట్టేస్తాను. ఇంటికే పోదాం."

"దిగండి. వైరు మాత్రం ఇప్పుడే పెట్టకండి. ఇంకాసేపు పడుకుంటాను."

ఆయన తలుపుని రెండు చేతులా ఎత్తి, పళ్ళు బిగించి, వీలైనంత నెమ్మదిగా లాగాడు. ఎంత నెమ్మదిగా లాగితే కేక అంత పొడుగ్గా సాగింది. ఆవిడ దిండులో మొహం పెట్టుకుని నవ్వింది. చాలా రోజులైంది నవ్వి, పక్కటెముకలు నొప్పెట్టాయి.

నవ్వుతూనే మగతలోకి జారిపోతూ ఓసారి ఒక కన్ను తెరిచి చూసింది. తలుపు మళ్ళీ వేస్తే మళ్ళీ అరుస్తుంది. వదిలేస్తే గాలికి కొట్టుకుంటుంది. అందుకని ఆయన బనీనుతో, ఎండలో, తిమ్మిరెక్కిన కాలి మీద ఒరిగి, ఆ తలుపుని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు.