మాట అందించే మనిషి

…వద్దనే కదా ఆయన చెప్పబోయేది, ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఇంత కొండెక్కాలా, వంటింటి గడప మీద నిలబడి చెప్పినా సరిపోయేది కదా అని గొణుక్కుంటూ ఆమె జీపు వెనక సీట్లో ఒరుగుతూ పోతోంది. ఎడమకి తిరిగితే భర్త భుజం తగులుతోంది. కుడికి తిరిగితే ఆడపడుచు చేతిసంచి డొక్కలో పొడుస్తోంది. అందులో దువ్వెన ఉన్నట్టుంది, లేకపోతే కత్తి.

అసలు సంగతి చిన్నదే. ఆమె నాటకాల కంపెనీలో ప్రాంప్టరు. తెర పక్క చీకట్లో స్టూలు మీద కూర్చుని, మాట మరిచిపోయిన నటుడికి మెల్లగా ఆ మాట అందిస్తుంది. కంపెనీలో అందరూ ఆమెని గుసగుస అనే పిలుస్తారు. ఆ కంపెనీ ఇప్పుడు ఆర్నెల్లపాటు ఊళ్ళు తిరగబోతోంది. నువ్వూ రావాలి, సెలవు తీసుకుని ఆలోచించుకో, తిరిగొచ్చి ఏ సంగతో తేల్చు అన్నాడు మేనేజరు. ఆమెకి వెళ్ళాలని ఉంది. కానీ భర్త ఏమనుకుంటున్నాడో ఆయన నోటితో వినకుండా బయలుదేరబుద్ధి కావడం లేదు, మానుకోబుద్ధీ కావడం లేదు. చల్లటి చోటికి వెళితే మనిషి నోరు విప్పుతాడని ఈ కొండకి ప్రయాణం పెట్టింది. విషయం తెలియగానే ఆడపడుచు, మోకాళ్ళకి కొండగాలి మంచిదట అంటూ పెట్టె సర్దుకుంది.

ఆయన నీటి సరఫరా ఆఫీసులో గొట్టాల నక్షాలు గీస్తాడు. ఒక గీత గీసి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని, ఆ గీతని కాసేపు చూసి, అప్పుడు రెండో గీత మొదలుపెడతాడు. మాట్లాడటమూ అంతే. రెండో మాట వచ్చేలోపు టీ చల్లారిపోతుంది. పెళ్ళయిన కొత్తలో అది ఆమెకి గాంభీర్యంలా కనిపించింది. ఇప్పుడు బెల్లం కొట్టిన రాయిలా కనిపిస్తోంది.

జీపు ఆగింది. "దిగండి సార్, ఇది సన్‌రైజ్ పాయింట్" అన్నాడు డ్రైవరు.

"మిట్టమధ్యాహ్నం సూర్యోదయం ఎక్కడయ్యా?" అంది ఆడపడుచు.

"సూర్యుడు లేకపోయినా పాయింట్ ఉందిగా అమ్మా."

పాయింట్ అంటే ఇనప కడ్డీల కంచె, దాని అవతల తెల్లగా పొగమంచు. లోయ ఉందో లేదో డ్రైవరు మాట మీద నమ్మాలి. పొద్దున్నుంచి చూసినవన్నీ ఇలాంటివే. వ్యాలీ పాయింట్‌లో మంచు, వాటర్‌ఫాల్ పాయింట్‌లో చప్పుడుతో సహా మంచు. ఇంత డబ్బు పోసి తెల్ల గోడ చూడటానికి రావాలా, మా ఇంటి వెనక సున్నం కొట్టిన గోడ లేదా అని ఆమె పళ్ళు కొరుక్కుంది.

కంచె దగ్గర ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆమె ఒళ్ళంతా చెవులయింది.

"నేనేమనుకుంటున్నానంటే…" అని ఆగాడు. "నువ్వు ఆ ఊళ్ళు తిరగడం…"

"ఇష్టం లేదంటారు."

"అది కాదు. నేను…"

"ఆలోచించి చెబుతానంటారు."

"అదీ కాదు. ఇంట్లో…"

"వంటెవరు చేస్తారంటారు. మీ అక్కయ్య ఉందిగా!"

"నన్నెందుకు లాగుతావమ్మా మధ్యలో?" అంది ఆడపడుచు, వేరుశనగకాయ ఒలుస్తూ. "వాడు అ అంటే నువ్వు ఆ అంటావు. నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా! ఇదిగో, పల్లీలన్నా తిను, కాసేపు నోరు ఊరుకుంటుంది."

ఆమె అరచెయ్యి అడ్డం పెట్టింది. అదో అలవాటు. పనిలో కూర్చుంటే ఆమె నోట్లో వక్కపలుకు కూడా వేసుకోదు. నోరు ఖాళీగా లేకపోతే మాట సమయానికి అందదు.

"నాకొద్దు వదినా."

"ఇక్కడ నాటకమెక్కడుందే తల్లీ!" అని ఆడపడుచు పల్లీలు చాలక, ఈసారి ఒలిచినవి ఇంకో పొట్లం కొనుక్కోవడానికి వెళ్ళింది.

ఆయన మళ్ళీ మంచుకేసి చూస్తున్నాడు. మాట వెళ్ళిపోయింది. ఈ మనిషిని ఏం చేయాలి? చెప్పమంటే చెప్పడు, తను చెబితే అది కాదంటాడు. ఏది కాదో ఇన్నేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు, ఏది అవునో మాత్రం నోటి దాకా రాదు. నిమ్మకు నీరెత్తినట్టు ఆ నిలబడటం చూడు! ఇలాంటివాడు స్టేజీ ఎక్కితే మొదటి అంకంలోనే జనం చెప్పులు వెతుక్కుంటారు.

తర్వాతది ఎకో పాయింట్. అక్కడ మంచు కాస్త విడింది. ఎదురుగా నల్లటి కొండ, మధ్యలో లోయ. జనం వరసగా నిలబడి అరుస్తున్నారు. అరిచిన మాట చివరి సగాన్ని కొండ తిరిగి ఇస్తోంది.

ఆడపడుచు గొంతెత్తి "తమ్ముడూ!" అంది. కాసేపటికి "ముడూ" అంది కొండ.

"అచ్చం నీ పెళ్ళాంలాగే ఉందిరా" అంది ఆడపడుచు ఆయనతో. "మనం నోరు మూసే లోపే అందుకుంటోంది."

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. ఆమెకి చెవులు వేడెక్కాయి. కొండెక్కి కూడా ఈ దెప్పులేనా?

"నువ్వూ అరవరా, మొహమాటమెందుకు?" అని ఆడపడుచు ఆయన్ని కంచె దగ్గరికి తోసింది. ఆయన రెండు చేతులూ కడ్డీ మీద పెట్టాడు. ఛాతీ నిండా గాలి పీల్చాడు. నోరు తెరిచాడు. ఆగాడు.

జనం చూస్తున్నారు. డ్రైవరు చూస్తున్నాడు. ఆమె నాలిక దానంతట అదే కదిలింది.

"హో అనండి!"

"అనండి… అనండి…" అంది కొండ, ఆమె గొంతుతో.

జనం ఘొల్లున నవ్వారు. ఆయన కూడా కొంచెం నవ్వి, నోరు మూసుకుని, కడ్డీ మీంచి చేతులు తీసేశాడు.

ఆమె నవ్వలేదు. ఆ గొంతు ఆమె ఎప్పుడూ విననిది. చీకట్లో గుసగుసలాడే గొంతు తన చెవికి సాయంలాగే ఉంటుంది. లోయ దాటి తిరిగొచ్చిన గొంతు మాత్రం తరుముతున్నట్టుంది. అవతలి మనిషి వాక్యంలోకి చెప్పులతో వచ్చేసినట్టుంది.

ప్రాంప్టరుకి మొదట నేర్పేది మాట అందించడం కాదు, ఆగిన మనిషిని చూడటం. మాట మరిచిపోయినవాడి కళ్ళు తెర పక్కకి వస్తాయి, ఎంత గొప్ప నటుడైనా సరే. కావాలని ఆగినవాడి కళ్ళు రావు. వాడి మౌనంలోకి మాట తోస్తే నాటకం చెడుతుంది. ఈ తేడా పట్టుకోవడంలో కంపెనీలో ఆమెని మించినవాళ్ళు లేరు. మరి ఈయన కళ్ళు? ఆయన మాట మధ్యలో ఆగినప్పుడు ఆ కళ్ళు ఎటు పోతాయో ఆమె ఎన్నడూ చూడలేదు. చూసే తీరికేదీ? అప్పటికే నాలిక మీద మాట సిద్ధంగా ఉండేది.

ఆడపడుచు మోకాళ్ళ నొప్పులంటూ సంచీ, పల్లీల పొట్లం తమ్ముడి భార్య చేతిలో పెట్టి జీపులో కూలబడింది. వాళ్ళిద్దరూ కంచె దగ్గర మిగిలారు. మంచు మళ్ళీ పాకుతోంది.

"నువ్వు వెళ్ళడం గురించి…" అన్నాడాయన.

ఆమె ఆయన కళ్ళకేసి చూసింది. అవి ఆమె వైపు రాలేదు. సాయం అడగలేదు. ఎదురు కొండ మీద ఎక్కడో గీత గీస్తున్నట్టు నిదానంగా కదులుతున్నాయి.

"వెళ్ళొద్దనడానికి కాదు. నేనూ…"

ఆగాడు.

నేనూ వస్తాననా? నేనూ మనిషినేననా? నేనూ ఇన్నాళ్ళూ ఇదే చెప్పాలనుకున్నాననా? మూడు వాక్యాలు ఒకేసారి నాలిక చివరికి వచ్చి తోసుకుంటున్నాయి. మూడింటిలో ఏది ఆయనదో ఆమెకి తెలియదు. చెప్పవయ్యా మహానుభావా, చెప్పు, చీకటి పడేలోపు చెప్పు! పెదవులు అప్పుడే విడిపోతున్నాయి.

ఆమె పొట్లంలోంచి గుప్పెడు పల్లీలు తీసి నోట్లో కుక్కుకుంది.