బయటికి పాకిన తీగ

“ఆ పెంకులు దిబ్బలో పొయ్యకుండా మళ్ళా ఏరుకుంటా కూచున్నావేందే?” అన్నాడు షౌకత్, గల్లాపెట్టె దగ్గర నుంచే.

నరసరావుపేటలో వాళ్ళది టైల్స్ షాపు. లారీ దిగిన రోజు పగిలిన టైల్స్ అన్నీ వెనక వసారాలోకి చేరతాయి. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే అతని భార్య రషీదా వాటిని రంగుల వారీగా వేరు చేసుకుంటుంది. అతనికి అవి డ్యామేజీ, ఆమెకు సరుకు. వచ్చిన మనిషి కొనేవాడో, ఊరికే ధరలు కనుక్కుని పోయేవాడో గుమ్మంలో చెప్పులు విడిచే తీరు చూసి చెప్పేస్తుంది. తన గురించిన లెక్క ఒక్కటే ఆమెకెప్పుడూ కుదరలేదు.

ఆ మధ్యాహ్నం కారంపూడి నుంచి జెస్సీ టీచర్ వచ్చింది. బడి ముందు గోడ మీద రంగు పెంకులతో కృష్ణా నది, చేపలు వేయించాలట. ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. గురజాలలో పాత ఇంటి మొజాయిక్ గచ్చు, అంచున ఆకుపచ్చ తీగ.

“ఇది వేసినాయన కావాలండీ. మీ షాపులో అడగమన్నారు.”

“మా బామ్మర్ది మోయిన్ అమ్మా. మా మామ గులాం మొహిద్దీన్ గారు పెద్ద మేస్త్రి. సాగర్ కాడ క్వార్టర్లకి గచ్చులు పోసినోడు,” అన్నాడు షౌకత్.

“గడప దగ్గర తీగ ఇంట్లోకి పాకాలి కదా. ఇదేంటి, బయటికి పోతోంది?”

“అది వాళ్ళ స్టైలమ్మా,” అని నవ్వాడు.

రషీదా టీ గ్లాసు టీచర్ ముందు పెట్టి వెనక్కి వచ్చింది. ఆమెనెవరూ అడగలేదు.

అది స్టైలు కాదు. రషీదా చిన్నప్పుడు కాస్త కలిగినవాళ్ళంతా మొజాయిక్ గచ్చు పోయించుకునేవాళ్ళు. రాతి చిప్స్, తెల్ల సిమెంటు కలిపి పరిచి, గట్టిపడ్డాక నీళ్ళు పోస్తూ అద్దంలా అరగదీసేవాడు ఆమె తండ్రి, అబ్బా. మేడ మీదయితే తెల్ల పింగాణీ పెంకులు పరిచేవాడు, పల్నాడు ఎండకి కింద గది చల్లగా ఉండాలని. అంచు పూలు మాత్రం, వేళ్ళు సన్నగా ఉన్నాయని రషీదా చేత పెట్టించేవాడు. పెంకుల్ని కాగితం మీద మైదా జిగురుతో బోర్లా అంటించి, కాగితంతో సహా తడి సిమెంటు మీద అదిమి, తర్వాత కాగితం తడిపి ఒలిచేయాలి. బోర్లా అంటిస్తే బొమ్మ తిరగబడుతుందని మొదటిసారి, ఆ గురజాల ఇంట్లో, ఆమె మరిచిపోయింది. ఇంట్లోకి రావలసిన తీగ గడప వైపు పోయింది. అబ్బా చాలాసేపు చూసి, “బాగానే ఉందిలే బేటీ, ఉండనీ,” అన్నాడు. ఇంటాయన వచ్చి మెచ్చుకుంటే మాత్రం, “మా వాడు మోయిన్ పెట్టాడయ్యా,” అన్నాడు. మోయిన్ అప్పుడు మాచర్లలో ఇంటి ముందు గోళీలాడుకుంటున్నాడు. బస్సులో అబ్బా కిటికీలోంచి చూస్తూ చెప్పాడు: “ఆడపిల్ల పెట్టిందంటే ఇంకో ఇంటోళ్ళు పిలవరమ్మా.”

ఆమెకది న్యాయమైన బేరంగానే తోచింది. పెళ్ళయ్యాక ఆ బేరం తనే సాగించింది. వసారాలో తను పెంకులు అంటించిన కాగితపు పలకలు ఎవరింటి గచ్చులోనైనా కుదిరి, వాళ్ళు మెచ్చుకుంటే, “మా తమ్ముడు చేశాడు,” అని తనే అనేది. మగవాడి పేరు చెబితే సరుకు ఆగదు. నిజంగానే ఆగలేదు. సరుకుతో పాటు ఇంకేం వెళ్ళిపోతోందో, వ్యాపారం తెలిసిన మనిషై ఉండీ చూసుకోలేదు. ఇప్పుడు అబ్బా లేడు. ఆ గచ్చు ఎవరి చేతిదో చెప్పడానికి ఇంకో నోరు లేదు.

సాయంత్రం మోయిన్ వచ్చాడు. “ఆపా, నువ్వు కాగితాల మీద అంటించి ఇచ్చెయ్. గోడ పని నేను చూసుకుంటా.”

“నేనూ వస్తా,” అంది రషీదా.

“ఈ వయసులో పరంజా ఎక్కుతావా ఏంది? బడి పిల్లోళ్ళు నవ్వుతారు. ఇంట్లో వంటెవురు చేస్తారు?” అన్నాడు షౌకత్.

“ఆపా పరంజా ఎక్కితే బిర్యానీ నేను వండుతాలే బావా.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె ఖాళీ పళ్ళేలు తీసుకుని లోపలికి వెళ్ళింది.

వంటకీ, నమాజుకీ, షాపు బిల్లులకీ మధ్య దొరికిన కాసిని ఘడియల్లో నదిని అంటించింది. నీలాల్లో ఏ నీలం పక్కన ఏ నీలం పెడితే నీళ్ళు కదులుతాయో ఆమెకు తెలుసు. ఒక చేపకి కన్ను కుదరక, తను వాడే టీ కప్పు పగలగొట్టి అందులోంచి నల్ల ముక్క తీసి పెట్టింది.

తీసుకెళ్ళే రోజు పొద్దున మోయిన్ పలకల్ని ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తూ ఒకదాన్ని తిప్పి చూశాడు. ఇంకోదాన్ని తిప్పాడు. “ఆపా, నంబర్లేవి?”

కాగితం వెనక ప్రతిసారీ ఆమె నంబరూ బాణం గుర్తూ వేసేది. పలకకి ఒక వైపు కాగితం, రెండో వైపు పెంకుల వీపులు. బొమ్మ మధ్యలో దాక్కుని ఉంటుంది. ఆ గుర్తులుంటేనే ఏది దేని పక్కన చేరాలో మేస్త్రికి తెలిసేది.

“మర్చిపోయినావా?”

“లేదు,” అంది రషీదా. బుర్ఖా సర్దుకుని డ్రైవర్ పక్కన కూర్చుంది. “గోడ కాడ చెబుతా. నేను చూపిచ్చిన చోట నువ్వు సిమెంటు పుయ్యి.”

షౌకత్ గల్లా వదిలి వీధిలోకి వచ్చాడు. “ఏమే, మరి వంట?”

“బియ్యం కడిగిపెట్టా. పొయ్యి వెలిగించుకోండి.”

అతను ఇంకేదో అనబోయేలోగా ఆటో కదిలింది. వెనక మోయిన్ పలకలు జారకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. జెస్సీ టీచర్‌కి ముందుగా ఏం చెప్పాలో రషీదా దారంతా లోపల్లోపలే అనుకుంటూ పోయింది. చేపల సంగతి తర్వాత. గురజాలలో తీగ బయటికి పోయింది స్టైలు కాదమ్మా, తప్పు. ఆ తప్పు నాది.