తలుపు వెళ్ళిన పూట

నేను ఒక తలుపును. ఒంటి రెక్క తలుపును, నాకు జోడీ లేదు. చెక్కిన చిలకలూ ఇత్తడి పువ్వులూ నా మీద లేవు. ముందువైపు నీలం రంగు ఉంటుంది. లోపలివైపు ఏ రంగూ లేదు, ఎందుకంటే డబ్బాలో రంగు అంతవరకే వచ్చింది. ఆ లోపలివైపున నల్లటి ఇంగ్లీషు అక్షరాలు సగం సగం కనిపిస్తాయి. అవి నా పుట్టుమచ్చలు.

ఎప్పుడో జూట్ మిల్లులోకి పరదేశం నుంచి యంత్రాలు దిగాయి. ఆ యంత్రాలు వచ్చిన పెట్టెల చెక్కను నేను. యంత్రాలు గోనె నేస్తుంటే మేము గోదాములో మూలపడి ఉండేవాళ్ళం. ఒకరోజు మిల్లు గేటుకు తాళం పడింది. పనివాళ్ళు రోజూ పొద్దున్నే అన్నం డబ్బాలతో వచ్చి ఆ గేటు ముందు కూర్చునేవారు. తెరుస్తారని చాలాకాలం నమ్మారు. మనుషులకు తెరిచిన తలుపు మీద కంటే మూసిన తలుపు మీదే నమ్మకం ఎక్కువ.

అలా కూర్చున్నవాళ్ళలో సన్యాసమ్మ ఒకతె. పడుచుతనం నుంచీ ఆ మిల్లులో నూలు వడికిన మనిషి. ఆమెకు పెళ్ళి లేదు. చెల్లెలు పైడితల్లి ఉంది కాబట్టి చేసుకోలేదు. పైడితల్లికి చిన్నప్పుడు పెద్ద జ్వరం వచ్చి తగ్గింది గాని, మనసు మాత్రం ఆ వయసు దగ్గరే ఆగిపోయింది. ఎవరినీ ఏమీ అనదు, పెట్టింది తింటుంది. ఒక్కటే ఇబ్బంది, ఎదురుగా దారి కనిపిస్తే లేచి నడిచిపోతుంది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు, వెనక్కి రావడం తెలియదు.

మిల్లు పోయాక, రోడ్డు వెడల్పు చేయడంలో వాళ్ళ గుడిసె కూడా పోయింది. సన్యాసమ్మ చెల్లెల్ని తీసుకెళ్ళి పట్నంలో దిక్కులేని ఆడవాళ్ళ ఆశ్రమంలో పెట్టి, తను ఉపాధి పనికి చెరువు మట్టి మోయడానికి వెళ్ళింది. వదిలి వస్తున్నప్పుడు ఆశ్రమం చూసుకునే మేట్రనమ్మ ఒక మాట చెప్పింది. "ఈమెను మళ్ళీ తీసుకెళ్ళాలంటే తలుపున్న ఇల్లు చూపించాలి. ఇలాంటి మనిషిని తడికెల మధ్యకు పంపను."

అందుకని కాలనీలో స్థలం పేరుమీదకు రాగానే, పునాది కూడా తీయకముందే, సన్యాసమ్మ వడ్రంగి అప్పలాచారి దగ్గరకు వెళ్ళింది. మిల్లు పాతసామాను కొన్న షావుకారు గోదామును ఊడ్చిపెట్టి, కూలికి బదులుగా నన్ను అడిగి తెచ్చుకుంది.

"ఇల్లు నేకుండా తలుపేటమ్మా? తెరిసి ఎక్కడికెల్తావు?" అని అప్పలాచారి నవ్వాడు.

"ముందు నువ్వు సెయ్యి బాబూ. తలుపుంటే ఇల్లు దాని ఎనకాలే వత్తాది."

నిజంగానే వచ్చింది, కానీ చాలా నెమ్మదిగా. పునాది పడ్డాక కొంత, గోడలు లేచాక కొంత, స్లాబు పడ్డాక కొంత, ప్రభుత్వం సొమ్ము అలా దఫాలుగా ఇచ్చేది. ఆఖరి దఫా తలుపులకూ కిటికీలకూ. అది మాత్రం ఎవరికీ రాలేదు. కాలనీ అంతా గుమ్మాలకు పాత చీరలు కట్టుకుని కాపురాలు చేస్తుంటే, తలుపు ఉన్నది సన్యాసమ్మకు ఒక్కతెకే. నన్ను నిలబెట్టిన రోజు ఆమె నాకు పసుపు రాసి బొట్టు పెట్టింది. మర్నాడే వెళ్ళి చెల్లెల్ని తెచ్చుకుంది.

పైడితల్లికి నా గడియ చప్పుడంటే ఇష్టం. "అప్పా, గడియెయ్యి" అని అక్కను అడిగేది. వేస్తే నవ్వేది. "మళ్ళీ ఎయ్యి" అనేది. సన్యాసమ్మ విసుక్కోకుండా తీసి మళ్ళీ వేసేది. పనికి వెళ్ళేటప్పుడు బయట గొళ్ళెం పెట్టి, ముందు వరసలో ఉండే సింహాలుకు చెప్పి వెళ్ళేది. సింహాలుది చిన్న వయసు, పాకే పిల్ల తల్లి. ఆమె పెరట్లో నిలబడితే మా గుమ్మం కనిపిస్తుంది. నేను బతికిన బతుకులో ఆ కొద్ది నెలలే బతుకు.

అప్పుడు కమిటీ వస్తుందన్న కబురు వచ్చింది.

పేదల ఇళ్ళకూ పనులకూ పింఛన్లకూ ప్రభుత్వం పెట్టిన ఖర్చు వాళ్ళకు చేరిందో లేదో స్వయంగా చూసి సభకు చెప్పడానికి ఎమ్మెల్యేల కమిటీ ఒకటి ఉంటుందట. మంచి ఏర్పాటే. కానీ చూడడానికి వచ్చేవాళ్ళు వస్తున్నామని ముందుగా చెప్పి వస్తారు. ఇళ్ళ పని చూసే ఇంజనీరు, హౌసింగ్ ఏఈ పరమేశం నాలుగు రోజులు నిద్రలేకుండా తిరిగాడు. ముందు వరస గోడలకు సున్నం వేయించాడు. తర్వాత మా గుమ్మం ముందుకొచ్చి నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

"సన్యాసమ్మగారూ, మీ తలుపు ఒక్క పూట ఇవ్వాలి. గుమ్మాలన్నీ ఒకే కొలత. బందుల్లో పిన్ను తీస్తే చాలు, వచ్చేస్తుంది. వాళ్ళు ముందు వరసలో రెండిళ్ళు చూసి వెళ్ళిపోతారు. మిగతా గుమ్మాలకు షామియానా గుడ్డలు అడ్డం కట్టిస్తాను."

"మా సెల్లి ఉన్నాది బాబూ. తలుపు నేకపోతే ఎలిపోతాది."

"ఒక్క పూటమ్మా. తలుపుల్లేవని రాసుకుంటే మొత్తం కాలనీకి బిల్లులు ఆపేస్తారు. మీ ఒక్కరి వల్ల అందరికీ ఆగిపోతే మీకు బాగుంటుందా?"

పక్కనే ఉన్న సింహాలు అంది, "ఇచ్చీ పిన్నీ. నా పెరట్లోంచి మీ గుమ్మం కనపడతాది గదా, పైడప్పను నాను సూత్తాను. ఆ డబ్బులొత్తే నా గుంటకు కూడా తలుపొత్తాది. మొన్న రోడ్డు మీదకి పాకేసినాది."

ఆ మాటకు సన్యాసమ్మ ఒప్పుకుంది. పిల్ల పాకిపోతుందన్న భయం ఎలాంటిదో ఆమెకు చెప్పనక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే నన్ను ఊడదీశారు. సన్యాసమ్మ చెల్లెలి ముందు ఉడికించిన వేరుశెనక్కాయలు ఓ గిన్నె నిండా పోసి కూర్చోబెట్టి, "కదలకమ్మా, బేగొచ్చేత్తాను" అంది. తర్వాత నన్ను మోసేవాళ్ళ వెనకాలే బయలుదేరింది. "జాగర్త బాబూ, మూల తగుల్తాది" అంటూ దారంతా చెయ్యి అడ్డం పెడుతూనే ఉంది. ఎవరి కోసం నన్ను చేయించిందో ఆ మనిషిని ఇంట్లో వదిలి నా వెంట వచ్చింది. నాకు నోరుంటే చెప్పేదాన్ని.

ముందు వరస మొదటి ఇంటికి నన్ను తగిలించారు. జీపులు వచ్చాయి. కమిటీ వాళ్ళు నన్ను తెరిచి లోపలికి వెళ్ళి, మళ్ళీ తెరుచుకుని బయటకు వచ్చారు. "పని దొరుకుతోందా" అని అడిగితే జనం దొరుకుతోందన్నారు. "పింఛను వస్తోందా" అంటే వస్తోందన్నారు. ఏఈ వాళ్ళను షామియానా కిందకు తీసుకెళ్ళి కొబ్బరి బొండాలు ఇప్పించాడు. వాళ్ళు తాగుతున్నంతలో నన్ను పెరటిదారిన మోసుకెళ్ళి సింహాలు ఇంటికి బిగించారు. ఇంటావిడ గుమ్మంలో పిల్లతో నిలబడాలని ఏఈ సింహాలును పెరట్లోంచి పిలిపించి ముందుకు తెచ్చి నిలబెట్టాడు. పెరట్లో ఇప్పుడు ఎవరూ లేరు.

కమిటీలో ఒక పెద్దావిడ ఉంది, విమలాంబగారు. ఒకప్పుడు పంతులమ్మగా చేసిందట. అందరూ లోపలికి వెళ్ళి స్లాబు చూస్తుంటే, ఆవిడ ఆగి నన్ను సగం మూసి, లోపలివైపు తిప్పి చూసింది. కళ్ళజోడు సర్దుకుని నల్ల అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఈ అక్షరాలు ఇందాకటి ఇంట్లోనూ చూశానే."

ఏఈ మొహం తెల్లబోయింది. సింహాలు పిల్లను ఎత్తుకుని తల వంచుకుంది. ఆవిడ ఎవరినీ వదలకుండా చూసి, నాకు దగ్గరగా నిలబడ్డ సన్యాసమ్మను అడిగింది. "నువ్వు చెప్పమ్మా. ఈ తలుపు ఈ ఇంటిదేనా?"

సన్యాసమ్మ చెయ్యి నా అంచు మీద ఉంది. ఆ చెమట నాకు తెలిసింది.

"అన్నీ మిల్లు సెక్కలేనమ్మా. మేవందరం ఆ మిల్లులో పనిసేసినోళ్ళమే. ఎవరి తలుపు సూసినా అలాగే ఉంటాది."

విమలాంబగారు ఇంకొక్క క్షణం చూసింది. ఆ చూపులో నమ్మకం లేదు. కానీ మిగతావాళ్ళు అప్పటికే జీపుల వైపు నడుస్తున్నారు.

నన్ను తిరిగి మోసుకొచ్చేసరికి గిన్నెలో కాయలు సగం ఉన్నాయి. తొక్కలు గుమ్మం దాకా పడి ఉన్నాయి. గుమ్మం దాటాక లేవు.

కాలనీ అంతా వెతికింది. తప్పు చెప్పకూడదు, ఏఈ కూడా మోటారు సైకిలు మీద తిరిగాడు. హైవే మీద ఎండలో నడుస్తున్న పైడితల్లిని పోలీసులు చూసి, చేతి మీది పచ్చబొట్టు ఆశ్రమం పుస్తకంలో రాసి ఉండడంతో గుర్తుపట్టి, ఆ పాత ఆశ్రమంలోనే అప్పగించారని మర్నాడు తెలిసింది. సన్యాసమ్మ పరిగెత్తుకు వెళ్ళింది. వచ్చి ఏం జరిగిందో నాకు వీపు ఆనించి కూర్చుని సింహాలుకు చెప్పింది.

"తలుపున్నాదని సెప్పేవు, ఉంటే ఎలాగెలిపోనాదీ అని మేట్రనమ్మ అడిగినాదే. పైడి అక్కడే ఉన్నాది. తలుపట్టుకెలిపోనారు, తలుపట్టుకెలిపోనారు అంటన్నాది. నానేటి సెప్పను? కమిటీకి సూపెట్టడానికి ఎట్టుకెల్లేరని సెప్పితే మీ అందరి డబ్బులూ పోతాయి. ఊరుకున్నాను."

"పిన్నీ" అని సింహాలు ఏడ్చింది.

"నువ్వేటి సేత్తావే. గుంటకి పాలు పట్టు."

మేట్రనమ్మ రాసింది: ఇంటికి తలుపు లేదు, పంపడానికి వీల్లేదు. కొన్నాళ్ళకు సభలో కమిటీ నివేదిక పెట్టారు. అందులో ఉందట: కాలనీలో ఇళ్ళు తలుపులతో సహా పూర్తయ్యాయి. ప్రభుత్వం ఆ రెండు మాటలనూ నమ్మింది. ఇళ్ళు పూర్తయ్యాయి కాబట్టి ఆఖరి దఫా సొమ్ము ఇవ్వనక్కర్లేదంది. ఆశ్రమంలో చోటు చాలక కొందరిని వేరే జిల్లాకు పంపేటప్పుడు, ఇంటికి తలుపు లేని పైడితల్లిని ముందుగా బండెక్కించింది.

ఎండాకాలం వెళ్ళాక విమలాంబగారు మళ్ళీ వచ్చింది. ఈసారి జీపు లేదు, ఏఈ లేడు. ఆటో దిగి ముందు వరసలో నడిచి, చీరలు కట్టిన గుమ్మాలన్నీ చూసుకుంటూ మా ఇంటికి వచ్చింది. నన్ను లోపలివైపు తిప్పింది. అక్షరాలు చూసి, గడప మీద కూర్చుంది.

"ఆ రోజు నాకెందుకు చెప్పలేదమ్మా?"

సన్యాసమ్మ మంచినీళ్ళు ఇచ్చింది. కోపంగా అనలేదు. "మీరు ఒక్క రోజు వచ్చేరమ్మా. ఆ ఇంజనీరు బాబు రోజూ వత్తాడు."

ఆవిడ నీళ్ళు తాగకుండా గ్లాసు గడప మీద పెట్టింది. తర్వాత జరిగినదంతా అడిగి తెలుసుకుంది. నివేదికలో రాసింది చెరపడం తన వల్ల కాదనీ, మళ్ళీ సభలో అడుగుతాననీ, అందుకు ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేననీ నిజాయితీగానే చెప్పింది. చెల్లెలి సంగతి మాత్రం చూస్తానంది. చూసింది కూడా. అక్కకు అప్పగించవచ్చని ఆ దూరపు ఆశ్రమానికి ఉత్తర్వు వెళ్ళింది.

సన్యాసమ్మ కొత్త చీర కట్టుకుని, వేరుశెనక్కాయలు మూటగట్టుకుని బస్సెక్కింది. వెళ్ళేముందు నా గడియకు నూనె రాసింది. నేను ఎదురుచూశాను. తలుపులకు ఎదురుచూడడం తప్ప వేరే పని ఏముంటుంది?

ఆమె ఒక్కతే వచ్చింది.

సింహాలు పిల్లను చంకనేసుకుని వచ్చి, అటూ ఇటూ చూసి, "పైడప్పేదీ?" అంది.

సన్యాసమ్మ చెప్పులు విప్పి గోడవార పెట్టింది. "బాగున్నాదే. ఒళ్ళు కూడా సేసినాది. పక్క మంచం మీద ఒక ముసిల్ది ఉన్నాది, కళ్ళు కనపడవు. ఆ మనిషి సెయ్యి అట్టుకుని బాత్రూముకీ అన్నానికీ పైడే తిప్పతాది. దాన్ని ఒదిలి ఎక్కడికీ కదల్దంట. దారి కనపడ్డా లేవదంట. అప్పా అని పిలుత్తున్నాది."

"నిన్నా?"

"దాన్ని."

సింహాలు పిల్లను కిందకు దించి పక్కన కూర్చుంది.

"నన్ను సూసి నవ్వినాది. కాయలు తీసుకుని దానికి వలిసి ఎట్టినాది. కాయితం నా సేతిలోనే ఉన్నాది. రా అంటే వచ్చునేమో. అప్పుడు ఆ గుడ్డిమనిషి సెయ్యి గాల్లో ఎతుక్కోదా? ఒకపాలి ఇడదీసినోళ్ళని సూసేను. మళ్ళీ నా సేత్తో నాను ఇడదీయనా?"

సన్యాసమ్మ లేచి మొహం కడుక్కుంది. నా మీద చెయ్యి వేసి పైకీ కిందకీ నిమిరింది. "దీన్ని ఊడదీసి మీ ఇంటికి ఎట్టుకోయే" అంది.

"నీకొద్దా పిన్నీ? దొంగలొత్తే?"

"రానీ. మాటాడ్డానికి మనిషి దొరికినట్టే."

ఇప్పుడు నేను ముందు వరసలో ఉన్నాను. సింహాలు కూతురు నిలబడడం నన్ను పట్టుకునే నేర్చుకుంది. నా నీలం రంగు మీద దాని ఎంగిలి చేతులు. ఆఖరి దఫా సొమ్ము గురించి విమలాంబగారు సభలో అడిగారనీ, పరిశీలిస్తామని మంత్రిగారు చెప్పారనీ రేడియోలో వచ్చింది. కాలనీలో మిగతా గుమ్మాలకు ఇంకా చీరలే ఉన్నాయి. ఇప్పుడు సన్యాసమ్మ గుమ్మానికి కూడా, ఆ రోజు బస్సెక్కేటప్పుడు కట్టుకున్న కొత్త చీరే.

పొద్దున్నే ఆమె టీ తాగడానికి ఇక్కడికి వస్తుంది. వచ్చి బయట నిలబడి నన్ను తడుతుంది. "తోసుకుని రా పిన్నీ, కొత్తేటి?" అని సింహాలు లోపలినుంచి కేకేస్తుంది. అయినా తెరిచేదాకా ఆమె ఆగుతుంది. సొంత తలుపును ఎవరూ తట్టరు. అందుకే ఆమె వేళ్ళ మెటికలు ఎలా ఉంటాయో ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు.