కుర్చీలో చెప్పిన జవాబులు

నూట ముప్పయ్యో దుప్పటి అంచును గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు బారచాపి మడత వేస్తూ, మడతలమ్మ బరువంతా కుడికాలి మీంచి ఎడమకాలి మీదికి మార్చుకుంది. ఆసుపత్రి దుప్పట్లన్నీ ఉతికి ఆరాక ఆవిడ బల్ల మీదికే వస్తాయి. ఇరవయ్యారేళ్ళుగా నిలబడే మడతపెడుతోంది. గచ్చు చలి ఎముకల్లోకి ఎక్కకుండా పాత కంబళిని నాలుగు మడతలు వేసి కాళ్ళ కింద పరుచుకుంది. అయినా పొద్దున్న మోకాళ్ళకు చుట్టిన గుడ్డ మధ్యాహ్నానికల్లా బిగుసుకుపోయేంత వాపు.

ఒక్క స్టూలు అడిగింది. మూడేళ్ళుగా అడుగుతూనే ఉంది. సూపర్‌వైజరు మూడేళ్ళుగా చూస్తానంటూనే ఉన్నాడు.

పోయిన సోమవారం ఎవరో చదువుకున్న అమ్మాయి వచ్చి, యాభై దాటిన పనివాళ్ళు ముసలితనం గురించి ఏమనుకుంటున్నారో, ఎంత హాయిగా ఉన్నారో కొలిచింది. ముప్పై ప్రశ్నలు, ఒక్కోదానికీ ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. అడిగే ముందు మర్యాదగా పై అంతస్తులో తనకిచ్చిన గదికి పిలిచి ఫ్యాను కింద, చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. కొంప మునిగింది అక్కడే. పది నిమిషాల్లో మోకాళ్ళు తెరిపిన పడి, ప్రాణం లేచొచ్చింది. ఒంట్లో ఎలా ఉందంటే, ఆ క్షణాన బాగానే ఉంది మరి. ఐదు. వయసు మీద పడటం కష్టంగా ఉందా అంటే, అబ్బే, లేదంది. అబద్ధమాడటం ఆవిడకు చేతకాదు.

ఆ మార్కుల కాగితం ఇవాళ కిందికొచ్చింది.

"నీకు స్టూలెందుకు పెద్దమ్మా? మా అందరికంటే నువ్వే హాయిగా ఉన్నావట. ఐదుకి నాలుగు పాయింట్ ఎనిమిది!" అన్నాడు సూపర్‌వైజరు.

"అప్పుడు కూర్చుని ఉన్నాను బాబూ."

"కాగితంలో ఆ ముక్క లేదుగా."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, వీళ్ళు ఎలుకను కూడా పట్టలేదు. రోజంతా నిలబడతావా కూర్చుంటావా అని ఒక్క ప్రశ్న అడగడానికి ముప్పై ప్రశ్నల్లో చోటు లేకపోయింది!

భోజనాల వేళ నలభై రెండు మెట్లెక్కి ఆ అమ్మాయి గదికి వెళ్ళింది.

"అమ్మాయ్, మళ్ళీ అడుగు. ఈసారి నిలబడి చెబుతాను."

అమ్మాయి తలదించుకుంది. "ఇంక మార్చడం కుదరదండీ. పై ఆఫీసుకు పంపేశాను."

"అయితే ఆ కుర్చీ ఇలా ఇవ్వు."

కుర్చీని నెత్తిన పెట్టుకుని, గోడ పట్టుకుంటూ కిందికి దిగింది. బల్ల ముందు వేసుకుని కూర్చుంది. సూపర్‌వైజరు పరుగున వచ్చాడు.

"లే పెద్దమ్మా. ఇక్కడ కూర్చోకూడదు, రూలు."

"లేవను."

"అయితే రేపట్నుంచి రానక్కర్లేదు."

"సరే."

మిగిలిన అరవై దుప్పట్లనూ కూర్చునే మడిచింది, మూలకు మూల తప్పకుండా. తర్వాత బల్ల తుడిచి, అన్నం గిన్నె సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. ఎవరూ తలెత్తి చూడలేదు. కుర్చీని ఆ సాయంత్రమే పైకి చేర్చారు.

బల్ల ముందు కంబళి మాత్రం అలాగే ఉంది, నాలుగు మడతల్లోనూ రెండు పాదాల గుంటలతో.