వెనక నడిచే మనిషి

మూడో ప్రదర్శనలో, గోడకు వేలాడుతున్న సందు బొమ్మలో, ఏడాది క్రితం కనబడకుండా పోయిన అక్క నడుస్తోంది.

చెల్లెలు బొమ్మ దగ్గరికి జరిగింది. బొమ్మలో అక్క మెడలో అదే ఎర్ర కండువా. పేటలోని బొమ్మల ప్రదర్శనలన్నీ కాలినడకన చుట్టివచ్చే బృందం వాళ్లది. అందరికన్నా వెనక నడిచే మనిషికి ఆ కండువా, ఒక ఈల ఇస్తారు. ఎవరికేమైనా అయితే ఆ మనిషి ఈల వేయాలి, ముందు నడిచే డ్రాయింగు మాస్టారు వెనక్కి రావాలి. అదీ కట్టుబాటు.

కిందటేడు రెండో ప్రదర్శనకూ ఈ మూడోదానికీ మధ్య అక్క మాయమైంది. ఈల వినబడలేదనీ, రెండో హాలు దాటాక ఆమెను చూడనే లేదనీ మాస్టారు పోలీసులకు చెప్పారు, ఇంటికొచ్చి మరీ చెప్పారు.

ఈ బొమ్మ వేసింది ఆయనే.

చెల్లెలి చూపు కిందికి జారింది. ఎడమ చెప్పుకు నీలం రిబ్బను ముడి.

ఆ రోజు రెండో హాలు దాటాకే అక్క ఫోన్ చేసింది. "చెప్పు తెగిందే. జడ రిబ్బను విప్పి కట్టుకున్నా. చూస్తే నవ్వి చస్తావు." అవే ఆఖరి మాటలు. చెల్లెలు వాటిని ఎవరికీ చెప్పకుండా తనలోనే దాచుకుంది.

ఇంతలో వెనకనుంచి సన్నగా ఈల మోగింది. అందరూ తిరిగి చూశారు. ఈసారి కండువా వేసుకున్న టైలరు పెద్దమ్మ గుప్పిట విప్పి, ఈల తన చేతిలోనే ఉందని చూపించింది. మాస్టారు మాత్రం తిరగలేదు. చెవులు మూసుకున్నారు.

"మాస్టారూ, ఆ రిబ్బను మీరెక్కడ చూశారు?"

ఆయన బొమ్మవంక చూసి, పక్కనున్న బల్లమీద కూలబడ్డారు.

"నేను గీసింది ఖాళీ సందునమ్మా. తెల్లారేసరికి ఆమె అందులో ఉంటుంది. రంగు పూసి కప్పేస్తే మళ్లీ పైకి తేలుతుంది. ఆ రోజు ఈల విన్నాను. వెనక్కీ వెళ్లాను. ఆ సందులోనే, పాత గోదాము ముందు నేలమాళిగ మూత పక్కకి జారి ఉంది, ఆమె లోపల పడి ఉంది. వెలుతురు పడింది ఆ రిబ్బను కట్టిన కాలి మీదే. 'మాస్టారూ, ఫోన్ పగిలిపోయింది, చెయ్యివ్వండి' అంది. ఇక్కడేమో నా మొదటి ప్రదర్శన, పెద్దలంతా వచ్చి కూర్చున్నారు. ఎవర్నో ఒకర్ని పంపిద్దాంలే అనుకున్నా. చప్పట్లలో పడి మరిచిపోయా. సాయంత్రం వెళ్లేసరికి ఈల ఆగిపోయింది. ఆ మూత నేనే లాగి మూసేశా."