లోవమ్మ కుండలో సముద్రం

నీరెండ కాలవ మీద పడే వేళకి పెద్దిరాజు తలపాగా చుట్టుకుని, చేతికర్ర పుచ్చుకుని గోగిలంక లాకుల దగ్గరికి బయల్దేరేవాడు. ధవిళేశ్వరం నుంచి కాకినాడ పోయే పడవలన్నీ అక్కడ ఆగాల్సిందే. నీళ్ళు సమానమై తలుపులు తీసేదాకా పడవల్లో జనానికి పనేమీ ఉండదు. పనిలేని మనిషికి ముందు గుర్తొచ్చేది ఆకలి. అందుకే ఆనకట్ట కట్టిన నలభై ఏళ్ళలో ఆ గట్టు మీద పూటకూళ్ళ ఇళ్ళూ, మిఠాయి కొట్లూ, ఒక అట్ల పాకా వెలిశాయి. వాటిలో ఎక్కడ తినాలో, ఎక్కడ తినకూడదో చెప్పడానికి పెద్దిరాజు ఉన్నాడు.

ఆ పని ఆయనకెవరూ అప్పజెప్పలేదు. వలలు కొడుకులకి ఇచ్చేశాక తనంతట తనే పెట్టుకున్నాడు. అక్షరం ముక్క రాదు, వేలిముద్ర వేసే మనిషే. కానీ ముద్ద నోట్లో పెట్టుకున్నాడంటే ఆ బియ్యం ఏ లంకలో పండాయో, పులుసులో చింతపండు నిరుటిదో ముందటేటిదో చెప్పేసేవాడు. ఇక చేప సంగతి చెప్పనక్కర్లేదు. కళ్ళు మూసుకుని ఒక్క ముక్క నమిలి, ఏ రేవులో పడిందో అనేవాడు.

ఆయన అన్న మాట అన్నచోట అంటుకునేది.

మిఠాయి కొట్టు ముసలయ్య చేసిన జీళ్ళు ఒకనాడు నోట్లో వేసుకుని, "పళ్ళకి పట్టేస్తున్నాయి" అన్నాడు. మర్నాటి నుంచి ఆ జీడి తిన్నవాడి నోరు గడియసేపు విడేది కాదు. ముసలయ్య దిగులుపడకుండా, "మీ ఇంటికి అత్తగారొచ్చారా? ఇవిగో, పట్టుకెళ్ళండి" అంటూ రెట్టింపు అమ్ముకున్నాడు. జ్ఞానమ్మ అట్టు తిని, "అంచు అట్టే గానీ నడుమ పచ్చి" అన్నాడు. అప్పట్నుంచి ఎంతసేపు కాల్చినా నడుమ పిండి పిండిగానే ఉండిపోయేది. జ్ఞానమ్మ నడుమ భాగం గుండ్రంగా కోసి గేదెకి పడేసి, అంచులమ్మేది. పడవలు లాగే కళాసులు ఆ అట్లని కడియాల్లా చేతికి తొడుక్కుని, తాడు లాగుతూ కొరుక్కు తినేవాళ్ళు. ఒక శివరాత్రికి ఊరంతా కలిసి పట్టిసీమ తీర్థానికి వెళ్ళొస్తే, దిగుతూనే, "వెళ్ళడం హాయే, రావడమే ఎంతకీ తెమల్లేదు" అన్నాడు. మరుసటేడు నుంచి గోగిలంక పడవ ఏటికి ఎదురెక్కి ఒక్క రోజులో పట్టిసీమ చేరేది, వాలు నీళ్ళలో తిరిగి రావడానికి మూడు రోజులు పట్టేది. ఊళ్ళో ఆడవాళ్ళు తిరుగు దారికి మూడు రోజుల చద్ది మూటలు కట్టడం అలవాటు చేసుకున్నారు.

ఒకటి మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. జ్ఞానమ్మ మీద జాలేసి మూడుసార్లు వెళ్ళాడు. అట్టు తిని, నోరారా, "నడుమ కూడా బాగుంది" అన్నాడు. అట్టు ఉడకలేదు. మొదటి మాటే మాట. ఆయన నోటి నుంచి వెళ్ళింది ఆయన చెప్పినా వెనక్కి వచ్చేది కాదు.

కోపం కూడా అలాంటిదే ఆయనకి. ద్రాక్షారామంలో బట్టల కొట్టువాడెవడో పంచె కొలుస్తూ తనని "నువ్వు" అన్నాడని, ముప్ఫై ఏళ్ళుగా ఆ వీధి తొక్కలేదు. ఈ గట్టు మీద కూడా చిట్టచివరి పూటకూళ్ళ ఇంటి దగ్గరికి వచ్చేసరికి మొహం కాలవవైపు తిప్పుకుని నడిచేవాడు. పదకొండేళ్ళుగా అలాగే తిప్పుకుంటున్నాడు. అది ఆయన చెల్లెలు లోవమ్మ ఇల్లు.

భర్త పోయాక లోవమ్మ పడవలవాళ్ళకి వండిపెట్టి బతికింది. శ్రావణంలో వరదనీళ్ళు ఎర్రబడితే పులస చేపలు సముద్రంలోంచి గోదాట్లోకి ఎదురీదుతూ వస్తాయి. ఉప్పు వదిలి, తీపినీళ్ళు తాగి, కొవ్వు పట్టి, ఆనకట్ట దాకా వచ్చే సరికి అదే చేప వేరే చేప అవుతుంది. లోవమ్మ పులస పులుసు వండితే ధవిళేశ్వరంలో ఎక్కిన జనం దారిలో ఏమీ తినకుండా గోగిలంక దాకా ఆకలి దాచుకుని వచ్చేవాళ్ళు.

ఏడాదిలో పడిన మొదటి పులస తల ఇంటి పెద్ద ఆకులో పడాలి. అది వాళ్ళ కులాచారం. తండ్రి పోయిన దగ్గర్నుంచి ప్రతి ఏడూ ఆ తల పెద్దిరాజుదే. పదకొండేళ్ళ కిందట కూడా అలాగే తలపాగా చుట్టుకుని వచ్చి, పడవలవాళ్ళ పంక్తి మొదట్లో కూర్చున్నాడు. పక్కన లాకు గుమస్తా ఉన్నాడు. లోవమ్మ వడ్డించింది. ఆకులో నడుం ముక్కలున్నాయి, గుడ్డుంది. తల లేదు.

"తలేదే, లోవా?"

"పిల్లి ఎత్తుకుపోయిందన్నయ్యా."

అబద్ధమని ఆమె మొహమే చెప్పింది. పెద్దిరాజు గుమస్తా ఆకులోకి చూశాడు. అక్కడ ముళ్ళు తప్ప ఏమీ లేవు. తల వీడే తినేసి ఉంటాడు, అనుకున్నాడు. సర్కారు మనిషికి పెట్టి, తోడబుట్టినవాడికి పిల్లి కథతో సరిపెడుతుందా? ముక్క నోట్లో పెట్టుకున్నాడు. గోదారి చేప. కోటిపల్లి ఎగువన పడ్డ చేప. అది తెలుస్తూనే ఉంది. పంక్తి అంతా ఆయన ఏమంటాడా అని చేతులాపి చూస్తోంది.

"ఇది నది చేప కాదు," అన్నాడు గట్టిగా. "సముద్రపు చేప." ఆకు మడిచి లేచిపోయాడు.

అంతే. ఆ పూట నుంచి లోవమ్మ కుండలోకి సముద్రం వచ్చేసింది. చేపే కాదు, పప్పు వండినా, మజ్జిగ చిలికినా, మంచినీళ్ళు కాచినా ఉప్పు కషాయమే. ఉప్పు కొనడం మానేసింది ఆమె. గంజి వారిస్తే అడుగున సన్నటి ఇసక, ఒక్కోసారి చిన్న గవ్వ. పడవలవాళ్ళు రెండు రోజులు మొహమాటానికి తిన్నారు, మూడో రోజు ముందున్న పూటకూళ్ళ ఇంటికి మళ్ళారు. పెద్దిరాజు మాట అన్నాడు, అంటుకుంది. లోవమ్మ చాపలల్లుకుని, ఆ ఉప్పుకూడే తింటూ, పదకొండేళ్ళు బతికింది. అన్న గడప తొక్కలేదు, అన్నని తన గడప తొక్కమని అడగలేదు.

ఇలా పదకొండేళ్ళు గడిచాక, ఒకనాడు లాకుల దగ్గర బుల్లియ్య పడవ ఆగింది. బుల్లియ్య మాటకారి.

"పెద్దిరాజు గారూ, ఈ పూట ఎక్కడ తినమంటారండీ?"

"మహాలక్ష్మమ్మ ఇంట్లో తిను. పప్పు జోలికి పోకు, చారు పోయించుకో."

"అలాగేనండి." బుల్లియ్య వెళ్ళబోయి ఆగాడు. "మీ చెల్లెలు గారు నా పడవే ఎక్కుతున్నారు, తెలుసాండీ? కాకినాడలో ఓడెక్కి బర్మా దేశం, రంగం పోతారట."

"రంగం ఏంట్రా? దానికి అరవై దాటాయి."

"అక్కడ మిల్లుల్లో మనవాళ్ళున్నారు కదండీ, వాళ్ళకి వండిపెడతారట. సముద్రం దాటితే మీ మాట దాటి రాదేమోనని ఆవిడ ఆశ." నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాడు. "తలుపులు తెరవగానే బయల్దేరతానండి."

పెద్దిరాజు కర్ర ఊతంగా గట్టు చివరిదాకా నడిచాడు. పదకొండేళ్ళలో మొదటిసారి మొహం తిప్పుకోకుండా ఆ గుమ్మం ముందు నిలబడ్డాడు. లోవమ్మ గోనెపట్టా మీద రెండు చీరలూ, ఒక చెంబూ, తెడ్డూ పెట్టి మూట కడుతోంది. జుట్టంతా తెల్లబడిపోయింది. ఎప్పుడు తెల్లబడిందో ఆయనకి తెలీదు.

"రంగం పోతన్నావంట. మన ఇంటి ఆడది పరాయి దేశంలో కూలోళ్ళకి వండిపెట్టడం ఏంటి? నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురి సంగతి నీకెందుకన్నయ్యా? నలుగురేమనుకోవాలో నువ్వే చెబుతావు గదా." ఆమె తలెత్తలేదు. "తప్పుకో, వెలుగు రావట్లేదు."

"ఆ రోజు గుమస్తాకి తల పెట్టకుండా ఉంటే..."

లోవమ్మ చేతులు ముడి మీదే ఆగిపోయాయి. "గుమస్తాకా? ఇన్నేళ్ళూ అదా నువ్వనుకున్నది?"

"మరెవరికి పెట్టావే?"

"చిన్నమ్మాయికి."

పెద్దిరాజు గుమ్మం పట్టుకున్నాడు. చిన్నమ్మాయి ఆయన ఒక్కగానొక్క కూతురు. ఆ ఏడే పురిటికి పుట్టింటికి వచ్చింది. ఆ శ్రావణం వెళ్ళకుండానే, బిడ్డ అడ్డం తిరిగి, తల్లీ పిల్లా ఇద్దరూ పోయారు.

"తొమ్మిదో నెల కడుపుతో పెరటి దారిన వచ్చింది," అంది లోవమ్మ. "అత్తా, మెట్టలో మా అత్తారోళ్ళకి పులసంటే ఏంటో తెలీదు, ఏడాదంతా కల్లోకి వస్తంది, తల పెట్టవా అంది. మీ నాన్న తినకుండా తప్పే అన్నాను. ఏడ్చింది. కడుపుతో ఉన్న పిల్ల ఏడుస్తంటే ఆచారమా చూస్తాను? పొయ్యి పక్కన కూర్చోబెట్టి పెట్టాను. అది చెయ్యి కడిగేసరికి తలుపవతల నువ్వున్నావు."

"నాతో చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? నీ మాట అంటుకుంటుంది." ఆమె ఇప్పుడు ఆయన కళ్ళలోకి చూసింది. "ఆ కోపంలో నీ కూతుర్ని ఒక్క మాట అన్నావనుకో. ఆ కడుపుని అన్నావనుకో. నన్నే అననీ అనుకున్నాను. నన్నే అన్నావు. తర్వాత పిల్ల పోయింది. పోయినదాన్ని నువ్వేమంటావో, అక్కడ కూడా దానికేం అంటుకుంటుందో అని భయం. అందుకే నోరు కుట్టుకున్నాను."

కాలవలో లాకు తలుపులు కిర్రుమన్నాయి. బుల్లియ్య కొమ్ము ఊదాడు.

పెద్దిరాజు లోపలికి వచ్చి, చతికిలబడ్డాడు. "ఏదన్నా ఉంటే పెట్టు."

"ఉప్పుకూడే. పొద్దున్న ఎవరో ఇచ్చిన పరిగె చేపలు పులుసు పెట్టాను, అదీ సముద్రమే."

"పెట్టవే."

పెట్టింది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. సముద్రమే. పంటికింద ఇసక. పదకొండేళ్ళ నుంచి చెల్లెలు రోజుకి రెండు పూటలా తిన్నది ఇదన్నమాట. బాగుంది అందామనుకున్నాడు, ఆ మాట పనిచెయ్యదని ఆయనకొక్కడికే తెలుసు. ఎక్కడికక్కడ అనేశాడు. గట్టు మీద ఆయన తీర్పు చెప్పని వస్తువంటూ ఏదీ మిగల్లేదు. ఒక్కటి మిగిలింది. అది నోట్లోనే ఉంది.

ముద్ద మింగి, పంక్తిలో అందరికీ వినబడాలన్నట్టు, ఆ ఖాళీ ఇంట్లో గట్టిగా అన్నాడు.

"పెద్దిరాజు నాలుక మంచిది కాదు. దానికి రుచి తెలీదు."

నాలుక మీద దీపం కొండెక్కినట్టయింది. ముందు ఉప్పు పోయింది. ఆ వెనకే పులుపు, కారం పోయాయి. చివరికి తడి మిగిలింది. గట్టు మీద జ్ఞానమ్మ, "ఓరి నాయనో, నడుమ కాలింది!" అని కేకేసింది. ముసలయ్య కొట్టు ముందు ఎవడిదో నోరు విడిపోయి, దాచుకున్న తిట్లన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. లోవమ్మ పులుసు చట్టి మీద మూత తీసింది. ఎర్రనీటి వాసన, మెంతి వాసన గుమ్మం దాటి కాలవ మీదికి పోయింది. ఆమె గరిటె అంచుకి వేలు రాసి నాలుక మీద పెట్టుకుంది. మళ్ళీ ఒకసారి రాసుకుని చూసింది.

పడవ మీంచి బుల్లియ్య అరిచాడు. "లోవమ్మ గారూ, రండీ! తలుపులు తెరిచారు!" మళ్ళీ తనే, "ఏంటండీ ఆ వాసన?" అంటూ దూకి వచ్చాడు. వెనకాల ముగ్గురు కళాసులు. వాళ్ళు చెప్పకుండానే పంక్తి కట్టి కూర్చున్నారు. లోవమ్మ మూట విప్పి తెడ్డు తీసుకుంది. చీరలూ చెంబూ అలా గోనెపట్టా మీదే ఉండిపోయాయి. గడియసేపటికి ఆమె లేకుండానే పడవ కదిలింది.

అందరూ వెళ్ళాక కూడా పెద్దిరాజు ఆకు ముందే ఉన్నాడు. ఆమె మళ్ళీ వడ్డించింది. తిన్నాడు. వేడిగా ఉంది, మెత్తగా ఉంది. అంతకి మించి ఏమీ తెలియలేదు. ఎలా ఉందన్నయ్యా అని ఆమె అడగలేదు. ఆయనే అడిగాడు.

"లోవా, పిల్ల ఆ రోజు తిని ఏమంది?"

"ఏమంటుంది, నీ కూతురే గదా." ఆమె కూర్చుంది. "ముల్లు కూడా వదలకుండా తింది. చెయ్యి కడుక్కుని, 'అత్తా, అంతా బాగుంది గానీ ఉప్పు ఒక్క పలుకు తగ్గింది, నాన్న పట్టేస్తాడు' అంది. వేద్దామని ఉప్పు తీశాను. ఈలోగా వీధిలో నువ్వు దగ్గావు. కంగార్లో అలాగే వడ్డించేశాను."

పెద్దిరాజు కళ్ళు మూసుకున్నాడు. ఏ రుచీ లేని నోట్లో ఆ ఒక్క పులుసు మాత్రం తెలిసింది.

"తగ్గింది," అన్నాడు. "నిజమే. ఒక్క పలుకే తగ్గిందే."

చెయ్యి ఆకులోనే ఎండిపోతూ ఉంటే ఆ మాటే మళ్ళీ మళ్ళీ అన్నాడు. ఆ మాట ఇక దేనికీ అంటుకోలేదు.